నారింజ రంగు కాడలు

"లడ్డూ మెత్తగా ఉందా అండీ?"

"బందరు తొక్కుడు లడ్డూ. నిన్నటిదైనా మెత్తనే."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ ఏలీయా కోనేరు సెంటర్ మిఠాయి కొట్టు వెనకగదిలోకి నడిచాడు. చీఫ్ జనార్దనరావు ఫైలు ముందుకు తోశాడు.

"నాగాయలంక దగ్గర కొబ్బరి పరిశోధన తోట. డెబ్భై ఏడు ఉప్పెనకు ఊరంతా కొట్టుకుపోయినా నిలబడ్డ పొడుగు చెట్టు ఒకటుంది. దాని పుప్పొడిని పొట్టి చెట్టు పూతకు పట్టించి, పద్దెనిమిదేళ్ళు కష్టపడి, గాలివానకు వంగని హైబ్రిడ్ తీసింది డాక్టర్ స్వర్ణలత. ఉన్నవి పన్నెండు మొక్కలే. ఒక విదేశీ ముఠా వాటిని ఎత్తుకెళ్ళి సొంత పేరున పేటెంట్ చేయించబోతోంది. శనివారం మొక్కలు విడుదల చేసేదాకా కాపలా నీది. నీకు తోడు ఏజెంట్ తనూజ."

స్వర్ణలత పేరు వినగానే ఏలీయా దవడ బిగిసింది. బాపట్ల వ్యవసాయ కాలేజీలో నాలుగేళ్ళూ ఆమె ఫస్ట్. నాలుగేళ్ళూ తను సెకండ్.

మర్నాటికల్లా అతను తోటలో కూలీ మత్తయి. అసలు మనిషెవరో అక్కడ స్వర్ణలతకొక్కదానికే తెలుసు. నిచ్చెనెక్కి పొట్టి చెట్ల గెలల్లో మగపూలు తుంచి, బయటి పుప్పొడి చొరబడకుండా సంచులు కట్టడం పని. కింద స్వర్ణలత చుట్టూ రైతులు, పేపరువాళ్ళు.

"ఒక్క మగపువ్వు మిగిలినా నా ఏడాది పోతుంది మత్తయీ," ఆమె పైకి చూసి నవ్వింది. "పరీక్ష హాల్లోలా తొందరపడకు."

ఏలీయా కడుపులో కుంపటి రాజుకుంది.

పెడన కలంకారీ చీర, నల్లకళ్ళద్దాలు, కెమెరా దాచిన లిప్‌స్టిక్. ఎగుమతి వ్యాపారి వేషంలో వచ్చిన తనూజ ఆ సెగను పసిగట్టింది. వారమంతా విసురుతూనే ఉంది.

"పేపర్లో మళ్ళీ ఆవిడ ఫోటోనే. మీదేదండీ?"

"నా ఉద్యోగానికి ఫోటోలుండవు."

"పాపం. క్లాసులో పక్క బెంచీయేగా!"

శుక్రవారం మధ్యాహ్నం. కూలీలు అన్నాలకు వెళ్ళారు. నర్సరీ షెడ్డులో స్వర్ణలత, ఏలీయా మొక్కలకు తడి పెడుతున్నారు. తనూజ వచ్చి తలుపు మూసింది. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

డబుల్ ఏజెంట్!

"రేవులో బోటు సిద్ధంగా ఉంది. పోటు తగ్గేలోగా వెళ్ళాలి. ఇక్కడ పన్నెండేసి మొక్కల వరసలు రెండున్నాయి. అసలువి ఏవి?"

ఒక వరసలో మొక్కల కాడలు నారింజ రంగులో నిగనిగలాడుతున్నాయి. రెండో వరసవి ముదురు గోధుమ రంగులో, చూడ్డానికి వడలిపోయినట్టున్నాయి.

స్వర్ణలత రెండు వరసలకూ అడ్డంగా నిలబడింది. పిస్టల్ ఏలీయా వైపు తిరిగింది.

"మీరూ చదివారుగా. చెప్పండి. ఆవిడ పేరు రేపటికి ఉండకూడదని మీకూ ఉందిగా!"

ఉంది. అబద్ధమెందుకు? ఒక్క మాట చాలు, పద్దెనిమిదేళ్ళు గంగలో కలుస్తాయి. స్వర్ణలత కళ్ళలో మొదటిసారి భయం చూశాడు. ఆ చూపు కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూశాడని అప్పుడే తెలిసింది. రేవులో బోటు ఇంజను దడదడలాడింది.

"నారింజవి," అన్నాడు. "తీసుకుపో. ఈవిడ పేరు వింటేనే నాకు ఒళ్ళు మంట."

"మరి మిగతావి?"

"పెంటగుంటలోకి."

తనూజ అతని ముఖంలోకి చూసింది. అక్కడున్న అసూయ నకిలీది కాదు. నమ్మింది. ఆ పన్నెండు నారింజ మొక్కలూ రొయ్యల పెట్టెలో సర్దుకుని పరుగుతీసింది.

స్వర్ణలత కుర్చీలో కూలబడింది. "సంకరం కుదిరితే కాడ గోధుమ రంగు. నారింజ రంగు వచ్చిందంటే మగపువ్వు మిగిలి, పొట్టి తల్లిచెట్టు తన పుప్పొడితోనే కాసిందన్నమాట. పెంటగుంటలో వేసేవి అవే. నీకు గుర్తుందా!"

"పరీక్షలో ఆ ప్రశ్నకు నీకు పది మార్కులు, నాకు తొమ్మిది. ఎలా మరిచిపోతాను?"

ఏలీయా వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. "చీఫ్, బోటును ఆపొద్దు. ఎత్తుకెళ్ళినవి పనికిరానివి; రేపు మనం విడుదల చేసేవే నకిలీవనుకుంటారు. కాపుకొచ్చేదాకా నాలుగేళ్ళు వాళ్ళు మన జోలికి రారు."

"శభాష్!" అన్నాడు జనార్దనరావు. "కానీ ఆపరేషన్ టాప్ సీక్రెట్. నీ పేరు ఎక్కడా రాదు."

"ఏడిచినట్టుంది," అన్నాడు ఏలీయా.

ఆదివారం పేపర్లో హైబ్రిడ్ మొక్కతో స్వర్ణలత ఫోటో పడింది. పక్కన నీళ్ళ బకెట్‌తో సగమే కనిపిస్తున్న ఒక కూలీ. ఆ సగం ముఖాన్ని ఏలీయా కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు.