గుర్రానికి షూరిటీ

"మీకు గుర్రం ఉందా సార్?"

యోగిత జీవాని అడిగిన మొట్టమొదటి మాట అది. రెడ్డియార్‌పాళయంలో క్రెడిట్ రిపోర్టులు సరిచేసిపెట్టే చిన్న ఆఫీసు ఆమెది. జీవా కరెంటాఫీసులో లైన్‌మన్. ఇల్లు కట్టుకోవడానికి లోన్ అడిగితే, క్రెడిట్ స్కోరు 541 మాత్రమేనని బ్యాంకువాళ్లు వెనక్కి పంపేశారు.

"నాకు సైకిల్ గూడా సరిగ్గా లేదు మేడమ్. గుర్రం యాడిది?"

"రెండు పాడి ఆవులు, ఒక సౌండ్ సెట్టు, ఒక పిండి మిషను, ఒక తెల్ల గుర్రం. అన్ని లోన్లకీ షూరిటీ మీరే. మిగతావాళ్లు కడతా ఉండారు. గుర్రానికి మాత్రం ఏడు నెలలుగా కట్టలా. అది మీ నెత్తిన పడింది."

జీవా తల గోక్కున్నాడు. ముత్తియాల్‌పేటలో వాళ్ల వీధి మొత్తానికీ గవర్నమెంటు జీతం అతనొక్కడిదే. పైగా అతనిది రాశిగల చెయ్యి అని, అతను సంతకం పెడితే వ్యాపారం కలిసొస్తుందని వీధివాళ్ల నమ్మకం. తాంబూలం చేతిలో పెట్టి మరీ అడిగేవారు. తాంబూలం పుచ్చుకున్నాక కాదనడం మర్యాద కాదని మనవాడి సిద్ధాంతం.

"ఆకూ వక్కా ఇస్తే ఏ కాయితం మీదైనా సంతకం పెట్టేస్తారా?"

"అరటిపండు గూడా ఇచ్చినారు మేడమ్."

యోగిత నవ్వాపుకోలేక కంప్యూటర్ వెనక తల దాచుకుంది. ఆ నవ్వుకి జీవా పని అక్కడే అయిపోయింది.

మర్నాడు ఇద్దరూ గుర్రం యజమాని చెంగల్రాయన్‌ని పట్టుకున్నారు. పెళ్లి ఊరేగింపులకి అద్దెకివ్వాలని కొన్న గుర్రం అది. మేళం మోగితే చాలు, అడుగు కదపదు.

"నేనేం చేసేది తమ్ముడూ? నిలబడే నిద్రపోతాది," అన్నాడు చెంగల్రాయన్.

యోగితకి ఒళ్లు మండింది. ఆ కోపం జీవా మీదికి మళ్లింది.

"చదవకుండా సంతకం పెట్టేదానికి సిగ్గు లేదా? నువ్వు మనిషివా, రబ్బరు స్టాంపువా?"

గుర్రం చెవులు నిక్కించింది. ఆమె గొంతు వెంబడే నాలుగడుగులు వేసింది. ఆమె ఆపగానే అదీ ఆగింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అప్పట్నుంచీ ఏ పెళ్లి ఊరేగింపైనా వరస ఒకటే. ముందు జీవా, అతన్ని తిడుతూ యోగిత, వెనక గుర్రం, పైన పెళ్లికొడుకు. వచ్చిన అద్దె నేరుగా గుర్రం బాకీకి పోయేది. పాత వాయిదాలు తీరాయి, కొత్తవి తప్పకుండా పడ్డాయి. నెలనెలా స్కోరు కాస్త కాస్త లేచింది. తిట్లు తినడం కోసమే అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు.

ఒక సాయంత్రం మురుంగపాక్కంలో ఊరేగింపు. సన్నగా వాన. జీవా తన గొడుగు ఆమెకిచ్చి తాను తడుస్తున్నాడు. యోగిత నోరు తెరిచింది. మాట రాలేదు. గుర్రం నడిరోడ్డులో ఆగిపోయింది.

"తిట్టు," అన్నాడు జీవా మెల్లగా.

"రావడంలా."

"ఆ సంతకాల సంగతెత్తు."

"దానికీ రావడంలా. నీ మీద కోపమే రావడంలా జీవా. ఏం చేసేది?"

పైనుంచి పెళ్లికొడుకు గోల పెట్టాడు. "అక్కా! మండపంలో అందరూ కాచుకోనుండారు! అన్నని ఏదో ఒకటి అనక్కా!"

"నన్ను పెళ్లి చేసుకుంటావా లేదారా, మొద్దు మొహమా!" అని అరిచింది యోగిత.

గుర్రం పరుగందుకుంది.

యోగిత నాన్న పట్టాభిరామన్ రిటైరైన బ్యాంకు మేనేజర్. జీవా తెచ్చిన జాతకాన్ని పక్కకి నెట్టి, అతని క్రెడిట్ రిపోర్టు చేతికి తీసుకున్నాడు.

"ఆరువందల ఎనభై ఎనిమిది. ఏడువందల యాభైకి తక్కువుంటే నేను సంబంధం మాట్లాడను."

జీవా జాతకాన్ని మళ్లీ చేతికి తీసుకున్నాడు. "ఇంకో ఏడాది కాచుకుంటా సార్," అన్నాడు. అప్పటికి ఆమెని ఇంకెవరికో ఇచ్చేస్తారన్న భయం మాత్రం బయటికి చెప్పలేదు.

యోగిత తన రిపోర్టు తెచ్చి పక్కన పెట్టింది. "నాది ఎనిమిది వందల పన్నెండు. రెండూ కూడు నాయనా."

లెక్క కనబడితే ఆయన చెయ్యి ఆగదు. "పదిహేను వందలు."

"ఇద్దరికీ సమంగా పంచు."

ఆయన పంచాడు. నమ్మకం కుదరక కాయితం మీద మళ్లీ పంచాడు. "ఏడువందల యాభై... కానీ నీకు అరవై రెండు పాయింట్లు పోతా ఉండాయే అమ్మా!"

"పోనీ నాయనా. ఆయనకే గదా పోయేది."

పట్టాభిరామన్ కళ్లద్దాలు తీసి కూతురి మొహంలోకి చూశాడు. తర్వాత, ఇంతసేపూ నిలబడే ఉన్న జీవాకి కుర్చీ జరిపాడు.

"కూచో అల్లుడూ."