మసి పడుకున్న పరుపు

పొద్దున్నే ఆ ఇంట్లోంచి కాఫీ వాసన రావాలి. ఆ రోజు మాత్రం బ్లీచింగ్ నీళ్ళ ఘాటు వీధి గుమ్మం దాకా వచ్చింది. కోడలు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, కుట్టుమిషను కింద దూరి నేల తోముతోంది. ముందు సబ్బు, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్ళు. పోసిన నీళ్ళు ఆరకుండా కాసేపు వదిలేసి అప్పుడు తుడవాలి. "మురికి మీద మందు పోస్తే మురికే తాగేస్తుందమ్మా" అని పశువుల డాక్టరు మరీమరీ చెప్పాడు.

"కాస్త ఆగరాదూ? తెల్లారగట్ల నుంచీ కాలు కాలిన పి..." అంటూ వచ్చిన భర్త ఠక్కున నాలిక కరుచుకున్నాడు. బస్సు డ్రైవరు ఆయన. డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఆ మాట ఎవరూ పూర్తిగా అనలేకపోతున్నారు.

మసి అని పిలిచేవాళ్ళు దాన్ని. ఒళ్ళంతా నలుపు. కోడలు గుడ్డ పరిచి కత్తెర తీసిందంటే చాలు, సరిగ్గా గీత గీసిన చోటే వచ్చి పడుకునేది. వాంతులు మొదలయ్యాక నీళ్ళ గిన్నె మీద తల వాల్చి కూర్చుందే గాని చుక్క తాగలేదు. ఆసుపత్రి బల్ల మీదే ప్రాణం పోయింది. "గడప దాటని పిల్లికి టీకా ఎందుకనుకున్నాం డాక్టర్" అని భర్త నసిగితే, "మీ చెప్పులు దాటతాయిగా" అన్నాడు డాక్టరు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

డాక్టరు చెప్పిన ఇంకో మాట మరీ భయంకరం. మసిని పొట్టన పెట్టుకున్న ఈ వైరస్ ఏడాదైనా మూలల్లో బతికే ఉంటుందట. దూది, గుడ్డ, తివాచీ లాంటివి ఎంత ఉతికినా నమ్మడానికి లేదట. అక్కడే కోడలికి గుండెల్లో రాయి పడింది. రెండు వీధుల అవతల ఆమె వదిన, అంటే భర్తకి అక్క, ఒంటరిగా ఉంటుంది. భర్త పోయాక ఆవిడకి తోడంటూ ఉన్నది ఓ తెల్లపిల్లి. అది ఈమధ్యనే నాలుగు పిల్లల్ని పెట్టింది. "ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి గుడ్డముక్క కూడా పోకూడదు. ఎవరూ వెళ్ళకూడదు" అని కోడలు అందరికీ ఆజ్ఞ వేసింది. మసి పరుపునీ దుప్పటినీ నల్లసంచిలో కట్టి, బయట చెత్త తొట్టిలో పడెయ్యమని అత్తగారి చేతికిచ్చింది. అందర్నీ వదిలేసి ఆవిడకే ఇచ్చింది. కుట్లు విప్పిన దారాన్ని కూడా ఉండ చుట్టి దాచుకునే మనిషికి!

"అత్తయ్యా, కాళ్ళు పైకి పెట్టుకోండి. మంచం కింద తుడవాలి."

"తుడువమ్మా తుడువు. నేను నడిచిన చోటల్లా నా వెనకే తుడుస్తున్నావుగా. నన్నూ ఓసారి ముంచి తియ్యి, పీడా పోతుంది."

"మిమ్మల్ని ఏమన్నానండీ ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. అదే కదా, నాతో ఎవరూ ఏమీ అనరు" అంటూ అత్తగారు గోడవైపు తిరిగింది.

కోడలు చీపురు లోపలికి తోసింది. మంచం కోడు పక్క నుంచి ఏదో మెత్తగా చీపురుకి తగులుకుని వచ్చింది. చిటికెడు దూది. వెలుతురులో పెట్టి చూసింది. దూదికి అంటుకుని రెండు నల్లటి వెంట్రుకలు. ఆమె చేతిలో చీపురు అక్కడే ఆగిపోయింది.

మొన్నటి నుంచి ఆకుపచ్చ గుడ్డముక్క ఒకటి కనపడటం లేదని వెతుకుతోంది. పెద్ద సూది కూడా డబ్బాలో లేదు. ఆ రెండూ ఇప్పుడు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అత్తయ్యా, ఆ పరుపు తొట్టిలో వేశారా?"

అత్తగారు గోడవైపే చూస్తోంది.

"మిమ్మల్నే. వేశారా లేదా?"

"దుప్పటి వేశాను."

"పరుపో?"

"వేడినీళ్ళలో నానబెట్టాను. ఎండలో ఆరేశాను. కొత్త గలీబు కుట్టాను. ఏం మునిగిపోయిందని అలా చూస్తావు?"

"ఎక్కడుంది అది?"

అత్తగారు దిండు కొస మెలిపెడుతూ కూర్చుంది. భర్త గుమ్మంలోంచి వెనక్కి వచ్చాడు. "అమ్మా, చెప్పు. ఎక్కడుంది?"

"అక్క మొన్న గేటు దగ్గరికి వస్తే ఇచ్చాను."

బ్లీచింగ్ బకెట్ పక్కనే కోడలు చతికిలబడింది. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. నేలా గోడలూ కిటికీ చువ్వలూ కడిగింది, తలుపు గడియలు కూడా వదల్లేదు. అసలైంది మాత్రం కొత్త గలీబు తొడుక్కుని దర్జాగా పసికూనల ఇంటికే చేరింది.

"వద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా?" అని ఆమె అరిచింది. "గుప్పెడు దూది కోసం నాలుగు ప్రాణాలు తీస్తారా? కొత్త దూది కొనలేమా మనం? అంత పీనాసితనమేంటండీ మీకు?"

"పీనాసితనమా!" అత్తగారు మంచం దిగి నిలబడింది. "ఎవరి దూది అనుకున్నావే అది? మీ మామయ్యది! రెండేళ్ళు మంచాన పడ్డ మనిషి కాళ్ళ దగ్గర పడుకునేది ఆ మసి. ఆయన పోయాక ఖాళీ మంచం మీదికెక్కి వాసన చూసుకుంటూ అరిచేది. మీరు ఆయన పరుపు పారేస్తుంటే లోపలి దూది కాస్త తీసి దానికి చిన్న పరుపు కుట్టాను. అప్పుడు ఊరుకుంది. నువ్వు సంచిలో కట్టి చెత్తలో వెయ్యమన్నావు. ఎవర్ని వెయ్యమన్నావో నీకు తెలుసా? నాన్నది ఏదైనా ఇవ్వమ్మా అని నా కూతురు ఎప్పటి నుంచో అడుగుతోంది. ఇచ్చాను."

ఏ ముక్క ఎవరి చొక్కాలోదో ఇట్టే చెప్పగలిగే కోడలు, ఆ పరుపులో దూది ఎక్కడిదో ఒక్కనాడూ అడగలేదు.

భర్త అప్పటికే ఫోన్ కలిపాడు. అవతలి గొంతు గదంతా వినిపించింది. "ఏరా తమ్ముడూ! అమ్మ ఇచ్చిన పరుపు ఎంత బాగుందో తెలుసా? తల్లీ పిల్లలూ నిన్నటి నుంచి దాని మీదే. నాన్న ఒళ్ళో పడుకున్నట్టే ఉందిరా..."

భర్త ఫోన్ చెవి నుంచి దించి తల్లి వైపు చూశాడు. "ఏంట్రా? హలో?" అని అవతల ఆవిడ రెండుసార్లు అడిగింది. ఫోన్ కోసం అత్తగారే చెయ్యి చాపింది.

"అమ్మడూ, నేనే. పిల్లల్ని దాని మీంచి తియ్యి. అది మసి పరుపే. తప్పు చేశానే..."

బస్సు డ్యూటీకి సెలవు చెప్పారు. డాక్టరుకి కబురు చేశారు. తల్లికి టీకాలు పడ్డాయి కాబట్టి పాల ద్వారా కూనలకి కాస్త రక్షణ ఉండొచ్చు, ఉండకపోవచ్చు, కనిపెట్టుకుని ఉండండి అన్నాడాయన. ముగ్గురూ వదిన ఇంటికి వెళ్ళి గేటు బయటే నిలబడ్డారు. పరుపుని పెద్ద సంచిలో పెట్టి వదిన పెరటి దారిన తెచ్చింది. ఇంటి వెనక ఖాళీ జాగాలో పాత రేకు డబ్బా పెట్టి, సంచితో సహా అందులోకి దించారు. కొడుకు కిరోసిన్ పోసి అగ్గిపెట్టె తీశాడు.

"ఇలా తే" అంది తల్లి.

"అమ్మా," వదిన గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "ఒక్క చిటికెడు తీసి సీసాలో పెట్టుకోనా? మూత గట్టిగా బిగించేస్తాను."

"వద్దు తల్లీ. దాచి దాచి ఇంత దాకా తెచ్చాను. ఇక దాచొద్దు."

పుల్ల గీసి తనే వేసింది. లోపల ఇంకా తడి ఆరని దూది ముందు పొగలు కక్కింది, తర్వాత ఒక్కసారిగా అంటుకుంది. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడింది. బూడిద చల్లారేదాకా కదలమంటే కదల్లేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆ ఇంట్లో వాళ్ళకే తెలుసు. ఫోన్ మోగితే ఎవరూ వెంటనే తీసేవారు కాదు. పెద్దావిడ కూతురికి సాయంగా అక్కడే ఉండిపోయింది. తప్పు తనదైనప్పుడు కాపలా కూడా తనదేనంది. నాలుగింటిలోకీ చిన్నది ముందు పాలు మానేసింది, తర్వాత కళ్ళు తెరవడం మానేసింది. మిగతా మూడూ రెండు రోజులు మగతగా పడి ఉండి, మెల్లగా తల్లి పొట్టలోకి దూరడం మొదలుపెట్టాయి. బతుకుతాయని డాక్టరు చెప్పిన రోజు మధ్యాహ్నం అత్తగారు ఇంటికి తిరిగొచ్చింది.

గడప బయటే ఆగిపోయింది. లోపల నేల తడిగా మెరుస్తోంది.

"లోపలికి రండి అత్తయ్యా."

"ఆ చిన్నదాన్ని ఈ చేతుల్తోనే పట్టుకున్నానమ్మా. ఆఖరి దాకా నా చేతుల్లోనే ఉంది." రెండు అరచేతులూ ముందుకు చాపింది. "నేనొస్తే నువ్వు మళ్ళీ మొదటి నుంచీ తుడవాలి. బయట కూర్చుంటాలే."

కోడలు బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. సబ్బు తెచ్చింది. రబ్బరు తొడుగులు తీసి పక్కన పెట్టింది. గడప మీద అత్తగారికి ఎదురుగా కూర్చుని ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. ముడతల్లో, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద మెల్లగా రుద్దింది. ఇల్లంతా కడిగిందిగానీ ఇన్నాళ్ళలో ఈ మనిషిని ఒక్కసారి ముట్టుకోలేదని అప్పుడు తెలిసింది ఆమెకి. కళ్ళలోంచి నీళ్ళు బేసిన్‌లోకి రాలాయి.

"నన్ను అడిగితే చెప్పేదాన్నే" అంది అత్తగారు నెమ్మదిగా.

"అడగలేదు అత్తయ్యా. నాదే తప్పు."

"నేనూ చెప్పలేదులే."

కాళ్ళు కూడా కడిగింది. ఒత్తి తుడిచి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టింది. తడి నేల మీద గడప దగ్గర్నుంచి మంచం దాకా ఆ ముసలి పాదాల ముద్రలు పడ్డాయి. అలవాటుగా గుడ్డ అందుకోబోయిన కోడలు, చెయ్యి వెనక్కి తీసుకుని, అత్తగారికి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.