ఎడమచేతి ఉత్తరం

రాజేందర్ బడిలో అడుగుపెట్టిన పది నిమిషాలకే అతని కుడిచేతికి సెలవిచ్చేశారు.

తప్పు అతనిదే లెండి. జనగామ స్టేషన్ వెనక పాత పెంకుటింట్లో నడిచే ఆ బడి అక్షరాలు తడబడే డిస్‌లెక్సియా ఉన్న పిల్లలు ఉండి చదువుకునేందుకు పెట్టిందని తెలిసే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని భూపాలపల్లి నుంచి రెండు బస్సుల్లోనూ నిలబడే వచ్చాడు. అంత జాగ్రత్త గల మనిషి, క్లాసులోకి వెళ్లగానే ఉత్సాహం ఆపుకోలేక బోర్డు మీద ఒక వాక్యం రాసి, ముందు వరసలో రెండు జడల పిల్లను లేపాడు.

"ఏదీ, జర గట్టిగ చదువు బిడ్డా!"

పదేళ్లుంటాయేమో ఆ పిల్లకు. లేచి నిలబడి, గౌను అంచు నలుపుతూ నేలచూపులు చూసింది.

"ఆ సుద్దముక్క ఇటియ్యుండ్రి."

గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో నీళ్లు కారుతున్న నీలం గొడుగు, ముక్కు మీద వాన చినుకు. చినుకు బాగానే ఉంది కానీ కింద ఆ ముక్కు కోపంతో ఎర్రబడి ఉంది.

"మీరెవలండి?"

"ప్రవళిక. ఈ పిల్లల టీచర్‌ను. ఈ బడిల ఎవల్నీ లేపి చదువుమనరు సార్. చదువ బుద్ధయితే వాళ్లే చదువుతరు."

అతని కుడిచేతిలోని సుద్దముక్క లాక్కుని ఎడమచేతిలో పెట్టింది.

"ఇప్పుడు రాయుండ్రి. గదే వాక్యం."

రాశాడు. మూడో అక్షరానికే చెమట పట్టింది. ఒకటి కొండెక్కింది, ఒకటి కాలు జారింది. పిల్లలు పకపకా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ రెండు జడల పిల్లే.

"ఎట్లున్నది సార్?" అంది ప్రవళిక.

"సిగ్గయితుంది."

"గోరీకి గిప్పుడే గట్లనే అయింది" అంది ఆమె, రెండు జడల పిల్లను చూపిస్తూ.

ఇంతకీ అది ఆమె కోపంలో పుట్టిన శిక్ష కాదు. బడి పెట్టిన రిటైర్డు హెడ్మాస్టరు సోమనర్సయ్య సారు నియమమే అది. కొత్తగా వచ్చిన టీచరెవరైనా నెల రోజులు ఎడమచేత్తోనే రాయాలి. నేర్పడానికి పిల్లల్లో ఒకరు గురువుగా ఉంటారు. ఆ రోజు మధ్యాహ్నం సారు అడిగితే గోరీ తనే చెయ్యెత్తింది.

"గీ సారుకు నేను నేర్పుత. పాపం, ఏం రాదు."

రోజూ సాయంత్రం వరండాలో ఇసుక పళ్లెం ముందు గురుశిష్యులు కూర్చునేవారు. ఇసుకలో వేలితో రాయడం ఆ పిల్లలకు పలక మీద రాయడం కంటే సులువు. గోరీ అతని మణికట్టు పట్టుకుని వేలు నడిపించేది. మాటకూ మాటకూ మధ్య ఒక చుక్క పెట్టమనేది.

"చుక్క ఎందుకు?"

"లేకపోతె మాటలన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి సార్. చుక్క పెడితె ఆగుతయి."

అది ఎవరూ నేర్పింది కాదు, గోరీ సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం. ఆ బడిలో అలా చుక్కలు పెట్టేది ఆమె ఒక్కతే. ఇప్పుడు రాజేందర్ రెండోవాడయ్యాడు.

చుక్క పెట్టినప్పుడల్లా అతని కళ్లు కూడా ఆగేవి. ఎదుటి గదిలో ప్రవళిక పిల్లలకు చింతగింజలతో అక్షరాలు పేర్పించేది. వాన మొదలైతే కిటికీ మూయడానికి లేచేది. మూసేముందు చెయ్యి బయటపెట్టి నాలుగు చినుకులు పట్టుకునేది, ఎవరూ చూడలేదనుకుని. రాజేందర్ రోజూ చూసేవాడు. ఒకరోజు మాత్రం దొరికిపోయాడు.

"ఏం చూస్తున్నరు సార్?"

"వాన ఆగిందా అని."

"ఆగింది. గంట అయింది."

గోరీ ఇసుకలో మొహం పెట్టి నవ్వింది.

ఒక సాయంత్రం జోరువానలో బస్టాండు దాకా ఆ నీలం గొడుగు కింద ఇద్దరూ నడిచారు. ఆమె నర్మెట్ట బస్సు కోసం, అతను ఏ పనీ లేకుండా. గొడుగు చిన్నది. ఆమె ఎడమ భుజం, అతని కుడి భుజం తడిశాయి. మిగతా సగం మనిషికి వాన ఉన్నట్టే తెలియలేదు. ఆ రాత్రి రాజేందర్ చొక్కా ఆరేయలేదు. తడి ఉన్నంతసేపు ఉండనీ అనుకున్నాడు.

నెల ముగుస్తుండగా సోమనర్సయ్య సారు బాంబు పేల్చాడు. మహబూబాబాద్‌లో రెండో బడి పెడుతున్నారట. ఇక్కడి నుంచి ఒకరు వెళ్లాలట. "కొత్తోడు గదా, రాజేందర్ పోతె మంచిగనే ఉంటది. ప్రవళికమ్మా, నువ్వు ఆలోచించి చెప్పు" అన్నాడు.

చెప్పాలంటే నోరు రాలేదు మనవాడికి. గురువారం మధ్యాహ్నం ఒక కాగితం తీసుకున్నాడు. అలవాటయిన ఎడమచెయ్యే ముందుకు వచ్చింది. మాటకూ మాటకూ మధ్య చుక్క పెడుతూ రాశాడు.

"మీరు రాని రోజు బడి బడి లెక్క ఉండదు. వానల మీ గొడుగు కింద నడిచిన. మస్తు మంచిగనిపిచ్చింది. నాకు ఈడనే ఉండాల్నని ఉన్నది. నన్ను పంపియ్యకుండ్రి."

పేరు రాయడానికి సిగ్గేసింది. ఆమె హాజరు రిజిస్టర్‌లో పెట్టి పారిపోయాడు.

మర్నాడు ప్రవళిక వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు.

"సార్! చూడుండ్రి! గోరీ రాసింది!"

రాజేందర్ గుండె జారి ఇసుక పళ్లెంలో పడింది.

"ఇయ్యే చుక్కలు, ఇయ్యే వంకరలు! మొత్తం కాగితం సార్! మూడేండ్ల నుంచి రెండు మాటలు దాటని పిల్ల. నిన్న పండుగకని తండాకు పోయే ముందు నా రిజిస్టర్ల పెట్టిపోయింది. మొన్న వానల నా గొడుగు కింద వచ్చింది గూడ రాసింది. నన్ను పంపియ్యకుండ్రి అనంటుంది చూడుండ్రి, బంగారం!"

సంగతేమిటంటే, గోరీ తండ్రి మాన్‌సింగ్ వారం కిందటే ఫోన్ చేశాడు. తీజ్ పండుగ కాగానే పిల్లను బడి మాన్పిస్తానన్నాడు. దాన్ని తలచుకుని ప్రవళిక సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. ఇప్పుడు ఆమె రాజేందర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఆదివారం తండాకు పోదాం. వాళ్ల నాయినకు ఇది చూపిద్దాం. మీరు ఊరి నుంచి తెచ్చుకున్న బండి మీద తీస్కపోతరా?"

నెల రోజులుగా కలగన్న చెయ్యి తన చేతిలో ఉంది. చెప్పాల్సిన మాట గొంతులో ఉంది. "తీస్కపోత మేడం" అనేశాడు. గోరీని అడిగితే బయటపడేదే. కానీ "నిజంగ నువ్వే రాసినవా?" అని పిల్లల్ని అడగకూడదని కూడా ఆ బడిలో నియమం. ఆ ప్రశ్నతో నలిగిపోయి వచ్చిన పిల్లలే వాళ్లంతా.

ఆదివారం జఫర్‌గఢ్ దారిలో పొలాల మీద సన్నటి తుంపర. వెనక కూర్చున్న ప్రవళిక ఏదో కూనిరాగం తీస్తోంది. దారి ఇలాగే సాగిపోతే ఎంత బాగుండును అనిపించింది రాజేందర్‌కు. సాగిపోతే కాగితం ఆ తండ్రి చేతిలో పడుతుంది. అతను గోరీని పిలిచి అడుగుతాడు. అప్పుడు పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. ఇక ఏ బడి పేరు చెప్పినా నమ్మడు.

వాన పెరిగింది. దారిలో ఒక బస్ షెల్టర్ కింద బండి ఆపాడు.

"మేడం, గా కాగితం గోరీది కాదు."

"మరి ఎవలది?"

రాజేందర్ ఎడమచెయ్యి ఎత్తి చూపాడు.

ప్రవళిక కాగితం తీసి చూసింది. అతన్ని చూసింది. గొడుగు అన్న మాట దగ్గర ఆగింది. బుగ్గల్లోకి రంగు వచ్చింది, వచ్చినంత వేగంగా పోయింది.

"మూడు దినాల నుంచి నేను ఎగురుతుంటె చూసుకుంట ఊకున్నరా?"

"మీరు గట్ల నవ్వంగ నేనెన్నడూ చూడలే. ఆపబుద్ధి గాలే."

"నా నవ్వు కోసం గోరీ చదువు ఆగమైతది సార్."

అతను తలదించుకున్నాడు. అంతకంటే నిజమైన మాట లేదు.

"బండి తియ్యుండ్రి. వాళ్ల నాయినకు నేనే చెప్త."

వాన ఆగకముందే ఎక్కింది. హ్యాండ్‌బ్యాగు ఇద్దరి మధ్యలో పెట్టుకుంది.

తండాలో పండుగ కళకళలాడుతోంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలు పచ్చగా నిలబడ్డాయి. ఒకపక్క రేగుకొమ్మ ముళ్లకు అమ్మాయిలు నానబెట్టిన శనగలు పాడుతూ ఒక్కొక్కటే గుచ్చుతుంటే, అన్నదమ్ములు కావాలని కొమ్మను ఊపుతున్నారు. గోరీ నాలిక బయటపెట్టి, కొమ్మ ఎటు ఊగితే అటు వంగుతూ తన శనగ గుచ్చుతోంది.

మాన్‌సింగ్ మంచం వాల్చి, చాయ్ తెప్పించాడు. ప్రవళిక చాయ్ ముట్టకుండానే చెప్పేసింది.

"అన్నా, గోరీ రాసిందని ఒక కాగితం తెచ్చిన. కాదని ఇప్పుడే తెలిసింది. నాదే తప్పు. అయినా అడుగుతున్న, పిల్లను మాన్పియ్యకు."

"మీరు పరేషాన్ గాకుండ్రి మేడం." మాన్‌సింగ్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మూడేండ్లాయె. నా బిడ్డ ఒక్క ముక్క చదువంగ నేను వినలే. మేమిద్దరం పట్నం పనికి పోతున్నం. మాతోని వస్తె కండ్ల ముంగట ఉంటది."

అప్పుడే గోరీ గుప్పెడు శనగలతో వచ్చింది. ప్రవళిక ఒళ్లో కాగితం కనిపించగానే శనగలు తండ్రి చేతిలో పోసింది.

"గిది సారు చెయ్యి! నా చుక్కలు పెట్టిండు!"

కాగితం లాక్కుని నేల మీద కూర్చుంది. మొదటి మాట మీద వేలు పెట్టింది.

"మీ... రు."

చుక్క. ఆగింది.

"రా... ని. రో... రోజు."

రాజేందర్ కదలబోయాడు. ప్రవళిక అతని చేతిమీద చెయ్యి వేసి ఆపింది. ఎవరూ అందించకూడదు. మాన్‌సింగ్ అరుస్తున్న పిల్లల వైపు చెయ్యెత్తాడు. పాట ఆగింది. కొమ్మ ఊపడం ఆగింది.

గోరీ వేలు ఒక్కో చుక్క మీద నిలబడి, ఊపిరి పీల్చుకుని, ముందుకు పోయింది. గొడుగు దగ్గర రెండుసార్లు తప్పింది, మూడోసారి దాటింది. ప్రవళిక అప్పుడు మాత్రం ఎవరివైపూ చూడలేదు. చాయ్ చల్లారిపోయింది. ఆఖరి వరస వచ్చింది.

"నన్ను... పంపియ్య... పంపియ్యకుండ్రి."

మాన్‌సింగ్ చేతిలోని శనగలు నేల మీద రాలాయి. బిడ్డ గొంతులో చదువు విన్నాడు, చదువులో ఆ మాట విన్నాడు.

"ఎవల్ని పంపియ్యొద్దు బిడ్డా?"

"సార్‌ను బాపూ. గిది సారు రాసుకున్నడు." గోరీ కాసేపు ఆలోచించింది. "నన్ను గూడ."

మాన్‌సింగ్ బిడ్డ తలను గుండెకు అదుముకుని, చెయ్యితో కళ్లు తుడుచుకున్నాడు. "రేపు పొద్దుగాల నేనే దింపిపోత మేడం" అన్నాడు.

గోరీ తల్లి మాత్రం అసలు సంగతి వదల్లేదు. "మరి సారు ఎవలకు రాసిండే?"

"గొడుగు ఎవలకున్నదో ఆమెకు!" అంది గోరీ.

తండా ఆడవాళ్లంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. ప్రవళిక కొంగులో మొహం దాచుకుంది. రాజేందర్‌కు దాచుకోవడానికి కొంగు కూడా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు జనగామ దాకా అతను అద్దంలో ఆమెను చూస్తూనే వచ్చాడు. హ్యాండ్‌బ్యాగు ఆమె భుజాన ఉందని దిగాకే గమనించాడు.

సోమవారం మాన్‌సింగ్ గోరీని దింపి వెళ్లాడు. మహబూబాబాద్‌కు వేరే మనిషిని చూసుకోమని ప్రవళిక చెప్పిందని సోమనర్సయ్య సారు గొణుక్కుంటూ పోయాడు. ఎందుకో రాజేందర్‌కు ఎవరూ చెప్పలేదు. వరండాలోకి వెళ్లేసరికి ఇసుక పళ్లెంలో ఏదో రాసి ఉంది. ఒక అక్షరం కొండెక్కింది, ఒకటి కాలు జారింది. మాటకూ మాటకూ మధ్య చుక్క ఉంది.

"చదువుండ్రి సార్" అంది గోరీ.

"ఎవల్నీ చదువుమనొద్దు గోరీ." గుమ్మంలో ప్రవళిక నిలబడి ఉంది. వేళ్లకు ఇంకా ఇసుక ఉంది, ఎడమచేతి వేళ్లకు. "చదువ బుద్ధయితే వాళ్లే చదువుతరు."

రాజేందర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. గురువు నేర్పినట్టే మొదటి మాట దగ్గర వేలు పెట్టి, చుక్క చుక్కకూ ఆగుతూ, గట్టిగా చదివాడు.

"మిమ్మల్ని... ఏడికీ... పంపియ్య."