పసుపుపచ్చ మాత్ర

ఏమప్పా, ప్రేమకథ అనగానే దగ్గరికి జరిగినావే. మందుల షాపులో పిల్ల కనబడితే లేని దగ్గు తెచ్చుకునే రకం నువ్వు. కూర్చో, ఇది నీలాంటి తెలివైనోడి కథే.

ఎర్రగుంట్లలో వసంతకుమార్ సిమెంటు లారీ నడిపేవాడు. ఇంట్లో అతనూ, వాళ్లమ్మ సుబ్బరత్నమ్మా, అంతే. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఏళ్ల తరబడి ఒక నొప్పి మాత్ర మింగుతోంది. దాని పేరు ఆమెకు తెలియదు. పసుపుపచ్చదని చెప్తే షాపువాళ్లు ఇచ్చేవాళ్లు.

ఆ రోజు ముసురు. వసంతకుమార్ తడుస్తూ మందుల షాపుకు వెళ్లి మాత్రల ఖాళీ అట్ట చూపించి, ఇలాంటివి డబ్బా మొత్తం ఇమ్మన్నాడు. కొత్తగా చేరిన ఫార్మసిస్టు శివజ్యోతి అట్ట తిప్పి చూసింది.

"ఎవరికన్నా ఇవి?"

"మా అమ్మకు."

"పొద్దున లేస్తానే మొగం, కాళ్లు ఉబ్బుతాండాయా?"

ఉబ్బుతున్నాయి. వయసైపోయిందిలే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"అయితే ఇయ్యను. కడపకు పిల్చుకపోయి రక్తం చూపించు."

"అడిగింది ఇచ్చేకి కాకపోతే ఈడ ఎందుకుండావు నువ్వు?"

"అడిగిందల్లా ఇచ్చేకి నేనెందుకన్నా? ఎవరైనా ఇస్తారు."

కోపంగా ఇంటికొచ్చి అమ్మ పాదం మీద వేలితో నొక్కాడు. పడిన గుంట పూడలేదు. కోపమంతా భయమైపోయింది.

కడప డాక్టరు మెత్తగా చెప్పలేదు. కిడ్నీలు సగం పోయాయి, ఆ మాత్రలు ఆపితే మిగిలిన సగం నిలుస్తుంది, లేకుంటే రక్తం కడిగే మిషనే గతి అన్నాడు. వేరే మందులతో పాటు ఒక విటమిన్ మాత్ర రాశాడు. అదీ పసుపుపచ్చే.

అది కొనడానికి షాపుకు వెళ్తే, సంగతి అమ్మకు చెప్పి ఇమ్మంది శివజ్యోతి. మూలుగుతున్న అమ్మ ముందు అతనికి నోరు రాలేదు. పాతదేనని విటమిన్ మాత్ర చేతిలో పెట్టాడు. కాసేపటికి ఆమె నొప్పి తగ్గిందిరా అంది.

ఇక రోజూ సాయంత్రం అదే. మాత్ర తెచ్చిపెట్టమని అమ్మ తొందర చేసేది. అతను ఒక్కటే కొనేవాడు, అట్ట మొత్తం కొంటే రేపు వెళ్లడానికి సాకుండదు. శివజ్యోతి వాపు గురించి, ఉప్పు గురించి అడిగేది. ఆ మాటల్లో ఎప్పుడో 'అన్నా' జారిపోయింది. ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

రెండోసారి రక్తం చూపిస్తే, బాగుపడలేదు గాని ముదరలేదన్నారు. తిరిగొస్తూ సుబ్బరత్నమ్మ షాపు దగ్గర ఆగి, మెట్టు మీద కూలబడింది.

"పాపా, ఈ పసుపుపచ్చ మాత్ర నొప్పికి కాదు కదా?"

వసంతకుమార్ గబగబా మందుల చీటీ జేబులోకి తోశాడు.

"అన్నేండ్లు మింగినదాన్ని, వాసన తెల్దా నాకు? మొదటి దినమే తెల్సింది. నొప్పి ఒక్క దినం తగ్గలే."

శివజ్యోతి కళ్లు నిండాయి. "నొప్పి దాస్తే సరైన మందు ఎట్ల రాస్తారత్తా? తగ్గిందని ఎందుకు చెప్తాంటివి?"

సుబ్బరత్నమ్మ మోకాలు నిమురుకుంటూ కొడుకు వైపు చూసింది.

"పని చేయలేదంటే ఈడికి వచ్చేది మానుకుంటాడని. లారీ ఎక్కేకి ఏనాడూ తల దువ్వనోడు, నా మాత్రకు పోవల్లంటే అద్దం ముందర నుంచి కదలడు."