కారు తలుపు మీద సుద్ద గుర్తులు

ఇంటిపేరు చెప్పలేని తెలుగువాడి దగ్గర వెల్డింగ్ మెషీన్ కొనకూడదని ఆదిశేషయ్యగారు దుకాణంలో నిలబడే నిర్ణయించుకున్నారు.

డర్బన్ దగ్గరి వెరులంలో, టాక్సీలని పిలిచే షేర్ వ్యాన్లు ఆగే చోటికి ఎదురుగా ఉంది ఆ దుకాణం. సుత్తులు, మేకులు, పెయింటు డబ్బాలు, వాటి మధ్య రెండు వెల్డింగ్ మెషీన్లు. కౌంటర్ వెనక ఒక కుర్రాడు. చొక్కా జేబు మీద ‘క్రెషెన్ రామసామి’ అని బ్యాడ్జీ. రామసామి అని చదవగానే ఆదిశేషయ్యగారి ముఖం విప్పారింది. తెలుగువాళ్లేనా అని అడిగారు. యా అంకుల్ అన్నాడు. మరి ఇంటిపేరేమిటన్నారు. రామసామే అన్నాడు. అది మనిషి పేరు, ఇంటిపేరు చెప్పమన్నారు.

“మా తాతకి తాత పేరు అంకుల్. చెరుకు తోటల్లో పనికి ఓడ దిగినప్పుడు అదే రాసుకున్నారు. దానికి ముందుది ఎవరికీ తెల్దు,” అన్నాడు క్రెషెన్.

ఆదిశేషయ్యగారు విన్నావా అన్నట్టు కూతురి వైపు చూశారు. జాహ్నవి నేల వైపు చూసింది. పందొమ్మిదేళ్లు వచ్చినా కొత్తవాళ్ల ముందు ఆమెకు నోరు పెగలదు. కళ్లు మాత్రం ఊరుకోవు. ఆ కుర్రాడి ఎడమ చెంప మీద గ్రీజు మరక ఉందని, ఆ సంగతి అతనికి తెలియదని అప్పటికే కనిపెట్టేసింది.

వాళ్లు ఆంధ్ర నుంచి వచ్చి ఏడాది దాటింది. ఈ దేశంలో తెల్లవాళ్ల పాలన పోయి కొత్త జెండా వచ్చింది, కొండల్లోని బడులకు లెక్కల మాస్టార్లు కావాలన్నారు, ఆదిశేషయ్యగారు వచ్చారు. ఆ బడికి పొద్దుటి గంట వేళకు ఏ టాక్సీ చేరదు. అందుకని ఒక బ్రోకరు దగ్గర పాత తెల్ల కారు ఒకటి, ఉన్నది ఉన్నట్టుగా కొన్నారు. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసే రోడ్‌వర్దీ టెస్టుకు తీసుకెళ్తే అక్కడి ఆయన డ్రైవర్ వైపు తలుపు కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. అది లోపలికి దిగిపోయింది. తుప్పు కోసేసి కొత్త రేకు అతికిస్తే తప్ప కాగితం ఇవ్వనన్నాడు.

కాగితం లేకపోతే కారు లేదు. కారు లేకపోతే ఎక్కడో దూరాన ఉన్న పోర్ట్ షెప్‌స్టోన్ బడికి మారిపోవాలి. అక్కడ బడి ఆవరణలోనే ఇల్లు ఇస్తారట. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ఇంట్లో అందరికీ అది బాగానే ఉంది, జాహ్నవికి తప్ప. వెరులం నుంచి టాక్సీ ఎక్కి డర్బన్‌లో కంప్యూటర్ కాలేజీకి వెళ్లడం ఆమె తనంతట తాను నేర్చుకున్న మొదటి పని. దాన్ని వదిలిపెట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

పేటలో బాగుచేసేవాళ్లందరూ మోసగాళ్లేనని ఆదిశేషయ్యగారి అనుమానం. అందుకే సొంత మెషీన్ కొని తనే చేసుకుందామని వచ్చారు. పెద్ద మెషీన్ మీద చెయ్యి వేసి, కారు తలుపు రేకు అతకాలి, దీనికి ఆంపియర్లు ఎక్కువ కదా, ఇదే ఇవ్వమన్నారు. తమ ఊళ్లో గేట్లు అతికేది ఇలాంటిదానితోనేనని కూడా చెప్పారు.

క్రెషెన్ తల అడ్డంగా ఊపాడు. “అది గేటుకే అంకుల్. కారు రేకు అప్పడంలాగ ఉంటాది. రాడ్డు పెడితే హోల్ పడిపోతాది. కరెంటు ఎంత ఎక్కువ పోతాదో కాదు, ఎంత తక్కువకి దిగుతాదో సూడాలి.” పక్కనున్న చిన్న మెషీన్ చూపించాడు. సన్నటి తీగ దానంతట అదే బయటికి వస్తుందట, గ్యాస్ సిలిండర్ తగిలించుకోవాలట, ఇంట్లో మామూలు ప్లగ్గు చాలట.

చిన్న మెషీన్ ధర పెద్దదాని కంటే ఎక్కువ. ఆదిశేషయ్యగారి కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

“అయితే అదీ ఇప్పుడు కొనకు,” అన్నాడు క్రెషెన్. “ఫస్ట్ నేను కారు సూస్తా.”

కొనమనేవాడిని నమ్మకపోవడం సులువు. కొనవద్దనే దుకాణదారుణ్ణి ఏం చెయ్యాలో ఆదిశేషయ్యగారికి తోచలేదు. పైగా పెద్దవాణ్ణి పట్టుకుని ‘కొనకు’ అంటాడా. గొడుగు విప్పి బయటికి నడిచారు. వెనక నడుస్తూ జాహ్నవి ఒక్కసారి తిరిగి చూసింది. అతను ఆమెను చూడటం లేదు. రోడ్డు పక్కన, తాత్కాలిక పర్మిట్ మీద తెచ్చిన తమ తెల్ల కారునే చూస్తున్నాడు. అదీ మామూలుగా కాదు, పోగొట్టుకున్న వస్తువును చూసినట్టు. ఆమెకు కాస్త చిన్నతనంగా అనిపించింది, ఆ తర్వాత అనుమానం వచ్చింది.

ఆ అనుమానం బుధవారం మధ్యాహ్నం రుజువైంది. నాన్నగారు బడిలో, అమ్మ కమలాదేవి నిద్రలో ఉన్నారు. సన్నగా జల్లు పడుతోంది. వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు, ఇక్కడివాళ్లు బక్కీ అంటారు, వీధిలో ఆగింది. క్రెషెన్ దిగాడు. తలుపు తట్టలేదు. చూరు కింద ఉన్న కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, జేబురుమాల్లో చుట్టిన దేన్నో తలుపు కింది రేకు మీద మెల్లగా జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. సుద్దముక్క తీసి అక్కడ ఒక ఇంటూ గుర్తు పెట్టాడు. ఇంకా ముందుకు జరిగి ఇంకోటి పెట్టాడు.

జాహ్నవి కర్టెన్ వెనకనుంచి అంతా చూస్తోంది. ఎత్తుకుపోయే కార్లకు దొంగలు పగలే గుర్తులు పెట్టుకుంటారని కాలేజీలో స్నేహితురాలు శాంటెల్ చెప్పింది. తలుపు తీసి ఎవరు నువ్వు అని అడగాలి. అడగలేదు. బక్కీ నంబరు మాత్రం అరచేతి మీద రాసుకుంది. అతను వెళ్లబోతూ వర్షంలో తలెత్తి కిటికీ వైపు చూశాడు. చెంప మీద ఈసారి మరక లేదు. దొంగకు ముఖం కడుక్కుని రావలసిన పనేమిటి అనుకుంది.

సాయంత్రం జాహ్నవి చెప్పిందంతా విని ఆదిశేషయ్యగారు తడిగుడ్డతో గుర్తులన్నీ తుడిచేశారు. శనివారం డర్బన్‌లో వేరే దుకాణం నుంచి ఆ పెద్ద రకం మెషీనే తెచ్చారు. నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని రాడ్డు తాకించారు. చిటపటమంది. ఇంట్లో ఫ్యూజు పోయి, కమలాదేవిగారి మిక్సీ పచ్చడి మధ్యలో ఆగిపోయింది. ఫ్యూజు వేసి మళ్లీ తాకించారు. పొగ తగ్గాక చూస్తే టెస్టువాళ్లు చేసిన చిన్న చిల్లు పక్కన తమలపాకంత కొత్త చిల్లు. ఆదిశేషయ్యగారు నల్లద్దం కింద పెట్టేశారు. ఆ తర్వాత పోర్ట్ షెప్‌స్టోన్ ఎంత దూరమని భార్యను అడిగారు.

జాహ్నవి గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఏడుపు ఇంట్లో కనబడకూడదని. సరిగ్గా అప్పుడే ఆ బక్కీ వచ్చి ఆగింది.

క్రెషెన్ దిగి, కారును చూసి, చిల్లును చూసి, “నా గుర్తులు ఏవి?” అన్నాడు.

“నేనే తుడిపించాను. మీ బండి నంబరు కూడా రాసుకున్నాను,” అంది జాహ్నవి. అతనితో ఆమె అన్న మొదటి మాట అదే. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అతను నవ్వలేదు, కోపగించుకోలేదు. జేబురుమాలు చుట్టను ఆమె చేతిలో పెట్టాడు. లోపల అయస్కాంతం. రంగు మీద గీత పడకుండా గుడ్డ చుట్టాడట. జరిపి చూడమన్నాడు. ఆమె కారు తలుపుకు ఆనించింది. టక్కున పట్టుకుంది. కిందికి జరిపింది, అక్కడా పట్టుకుంది. ఇంకొంచెం కిందికి జరపగానే చేతిలోంచి జారిపోయింది. పక్కన ఆనించింది. అక్కడా పట్టుకోలేదు.

“అక్కడ రేకు లేదు. పుట్టీ,” అన్నాడు. “తుప్పు మీద పుట్టీ నింపి పెయింట్ కొట్టేశారు. టెస్టులో దొరికింది ఒక్కటే. ఇంకా ఉన్నాయి.”

ఎవరు చేశారని ఆమె అడిగింది. క్రెషెన్ బూట్లు చూసుకున్నాడు. కారు అమ్మింది బ్రోకరు కాదా అని వరండాలోంచి ఆదిశేషయ్యగారన్నారు. బ్రోకరుకు అమ్మింది తన మామ యెల్లప్ప అని, దుకాణం ఆయనదేనని, కారు చూడగానే గుర్తుపట్టానని క్రెషెన్ చెప్పాడు. పెద్దవాళ్లను ఊరికే అనకూడదు కాబట్టి ముందు తేల్చుకోవడానికి, మాస్టారి ఇల్లు అడిగి కనుక్కుని వచ్చాడట. అందుకే తలుపు తట్టలేదట.

“తేలిందా?” అన్నారు ఆదిశేషయ్యగారు, ఇంకా అనుమానంగానే.

“చిన్న మెషీన్ పట్టుకుపోతా అని మామకి సెప్పినా. ఎవరికి, ఎందుకు అని అడగలేదు అంకుల్. మా మామ అన్నీ అడుగుతాడు. ఇది అడగలేదు, ఆయనకి తెల్సు కాబట్టే.”

బక్కీ తొట్టిలో చిన్న మెషీన్, సిలిండర్, కొత్త రేకు ముక్కలు ఉన్నాయి. ఆదిశేషయ్యగారు వాటిని చూశారు, అతన్ని చూశారు, బక్కీ లోపలికి రావడానికి గేటు బార్లా తీశారు.

క్రెషెన్ ముందు బ్యాటరీ తీగ విప్పాడు, లోపలి తివాచీకి నిప్పు అంటుకోకుండా దాన్ని తీసేశాడు, పుట్టీ గీకి తుప్పు కోసేశాడు. రేకు పెట్టి తీగ ఆనించి ఉత్సాహంగా గీతలా లాగాడు. రేకు వేడెక్కి అప్పడంలా వంకర తిరిగింది. అతను పళ్లు బయటపెట్టి, అమ్మడం బాగా తెలుసు, అతకడం ఇంకా నేర్చుకుంటున్నానని ఒప్పుకున్నాడు. గీత లాగకూడదట, చుక్కలే పెట్టాలట. ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి దూరంగా, మళ్లీ మధ్యలో. చెయ్యి ఆగదు, అదే తన రోగం అన్నాడు.

జాహ్నవికి వాకిట్లో ముగ్గు గుర్తొచ్చింది. అక్కడ మొదట చుక్కలే. తొందరపడి గీత కలిపితే ముగ్గంతా ఒక పక్కకు ఒరిగిపోతుంది.

“నేను పెడతాను,” అంది.

ఆదిశేషయ్యగారు వద్దనబోయి, ఎందుకో లోపలికి వెళ్లి సుద్దముక్క, స్కేలు తెచ్చారు. పాడైన రేకు తీసేసి కొత్తది పెట్టి, దాని చుట్టూ సమానమైన దూరాల్లో ఆయనే గుర్తులు పెట్టారు. నల్లద్దం వెనక జాహ్నవికి లోకమంతా చీకటి, మధ్యలో నీలంగా మెరిసే ఒక్క చుక్క. ఒకటి పెట్టి ఆగుతుంది. చల్లారాక దూరంగా ఇంకోటి. క్రెషెన్ పక్కనే కూర్చుని చూస్తున్నాడు. ఒక్కసారి మాత్రం, వేడి రేకు మీదికి ఆమె చున్నీ జారబోతే, కొస పట్టుకుని పక్కకు తీసి వెంటనే వదిలేశాడు. ఆ చుక్క కాస్త వంకరగా పడింది.

తర్వాతి వారం టెస్టు ఆయన అదే స్క్రూడ్రైవర్‌తో అన్నిచోట్లా పొడిచాడు. ఎక్కడా దిగలేదు. కాగితం మీద ముద్ర వేశాడు. పోర్ట్ షెప్‌స్టోన్‌కు రాలేనని ఆదిశేషయ్యగారు ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. యెల్లప్పగారికీ ఒకటి చేశారు. ఆ ఫోన్‌లో ఆదిశేషయ్యగారి గొంతే చాలాసేపు పెద్దగా వినిపించింది.

మెషీన్ తీసుకెళ్లడానికి క్రెషెన్ వచ్చాడు. మళ్లీ జల్లు. మెషీన్ ఎక్కించి, ఎక్కవలసింది ఇంకేమీ లేకపోయినా తొట్టి సర్దుతూనే ఉన్నాడు.

“ఇంకా అనుమానమేనా నా మీద?” అన్నాడు చివరికి.

జాహ్నవి తన దగ్గరే ఉండిపోయిన జేబురుమాలు చుట్ట తీసి అతని బక్కీ తలుపు మీద ఆనించింది. పట్టుకుంది. కిందికి జరిపింది. జారి ఆమె అరచేతిలో పడింది.

అతను మెడ రుద్దుకున్నాడు. నేర్చుకునే రోజుల్లో తను చేసిందేనన్నాడు. రేకు కాలిపోతే భయపడి పుట్టీ నింపేశాడట.

“ఇది కోసేసి కొత్తది పెట్టాలి,” అంది జాహ్నవి. తల దించలేదు. “మెషీన్ దుకాణంలో దించకు. శనివారం దాంతోపాటే రా.”

క్రెషెన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. సిలిండర్ కూడా తేవాలా అని అడిగాడు, తొట్టిలో సిలిండర్ పెట్టుకునే.

వరండాలో పేపరు వెనకనుంచి ఆదిశేషయ్యగారు దగ్గారు. శనివారం తనకు సెలవేనని, రోజంతా ఇంట్లోనే ఉంటానని అందరికీ వినపడేలా చెప్పారు. పేపరు కాస్త దించి, సుద్దముక్కలు ఇంకా ఉన్నాయో లేవో చూడమని భార్యకు కేకేశారు. ఆ కుర్రాడికి గోంగూర తినడం అలవాటుందో లేదో కూడా కనుక్కోమన్నారు.