ఒక్క ఊపిరి ముందు

బయట పదకొండు గంటల ఎండ మండిపోతున్నా, డబ్బింగ్ థియేటర్‌లోకి అడుగుపెడితే పగలో రాత్రో తెలియదు. గోడలకి మందపాటి స్పాంజి, నేలంతా తివాచీ, కిటికీ అన్న మాటే లేదు. తలుపు మూసుకుందంటే మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. ఏసీ చెమ్మకి నానిన తివాచీ వాసన ఒకటి ముక్కుకి పట్టుకుంటుంది. ఆవిడకి మాత్రం ఆ గది పుట్టిల్లు లాంటిది. పదకొండేళ్లుగా వారానికి మూడు పూటలు అక్కడే గడిచిపోయాయి.

సీరియల్‌లో పెద్ద వదిన వేషం కాబట్టి, కూరగాయల కొట్టు నుంచి బ్యాంకు దాకా ఆవిడ అందరికీ వదినగారే. పందొమ్మిదో ఏట, కాఫీ ట్రే పట్టుకొచ్చి "తీసుకోండి" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయే వేషంతో మొదలైంది. ఆ ఒక్క మాటకీ ఏడు టేకులు తింది. పదిహేనేళ్లు పక్కింటి ఆవిడలూ, పెళ్లికాని అక్కలూ వేశాక, ఒకరోజు సీరియల్ రచయిత అలిగి వెళ్లిపోతే "నేను రాస్తా" అంది. డైరెక్టర్ నవ్వాడు. ఆ రాయడం రాయడం ఇప్పటికి రెండువేల ఎనిమిది వందల ఎపిసోడ్లు. రాసేదీ ఆవిడే, ఏడ్చేదీ ఆవిడే. లోపమల్లా ఒక్కటే. తను రాసిన మాట తనకే నోటికి రాదు. కాగితం మీద పెట్టిన మరుక్షణం బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతుంది.

అందుకే ప్రాంప్టర్ బాబాయ్. కెమెరా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, బుగ్గన దగ్గుబిళ్ల తిప్పుతూ, సరుకుల చీటీ చదివినట్టు ఏ భావమూ లేకుండా, ఒక్క ఊపిరి ముందు డైలాగు అందించేవాడు. వెనకాలే ఈవిడ అనేది. తర్వాత డబ్బింగ్‌లో ఆయన గొంతు చెరిపేసి ఈవిడ గొంతు ఉంచుతారు. "మాట నాది, ఏడుపు నీది" అని నవ్వేవాడు. ఆయన గొంతు వెంట పోవడం ఆవిడ నాలుకకి ఎంత అలవాటైపోయిందంటే, ఓసారి ఆయన మధ్యలో "ఫ్యాన్ ఎవడ్రా ఆపింది?" అని కసిరితే, ఈవిడ మొగుడి శవం మీద పడి, బోరుమంటూ, "ఫ్యాన్ ఎవడ్రా ఆపింది?" అంది. యూనిట్ రెండ్రోజులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

ఆయనకి గొంతులో గడ్డ అని తేలాక సెలవు అడిగాడు. "నువ్వు లేకపోతే నాకు నోరు పడిపోతుంది బాబాయ్, ఈ ఒక్క షెడ్యూలూ కానీ" అని బతిమాలింది. ఒక్కటి కాస్తా నాలుగయ్యాయి. ఆయన పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఆ పాపంలో తన వాటా ఎంతో ఆవిడకి తెలుసు. తెలిసి, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతోంది.

"అక్కా, రెడీయా?" అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజినీర్ అడిగాడు.

"కానీ తమ్ముడూ."

కిందటి వారం తీసిన సీను అది. ప్రాంప్టింగ్ చెప్పింది కొత్తగా వచ్చిన ఒక నడివయసు ఆవిడ. తెర మీద వదినగారు సోఫాలో కూర్చుని కొడుకుతో మాట్లాడుతోంది. హెడ్‌ఫోన్స్‌లో, సెట్లో రికార్డైన ట్రాక్ మీద, పీట జరిగిన చప్పుడు... ఎవరో గొంతు సవరించుకున్నారు...

"ఇంట్లో నేనుండగా నీకెందుకురా దిగులు."

బాబాయ్ గొంతు.

ఈవిడ వెనకాలే అనేసింది. అన్నాక గానీ ఆ గొంతు ఎవరిదో తట్టలేదు. దగ్గుబిళ్ల వాసన వచ్చింది, ఎవరో పక్కనే నోట్లో తిప్పుతున్నట్టు.

"తమ్ముడూ... ఇది పాత ట్రాకా?"

"కాదక్కా. కొత్తావిడే. కొంచెం ముక్కుతో మాట్లాడుతుంది, అందుకే అలా ఉందేమో."

తలకి పని ఎక్కువైంది అనుకుంది. నీళ్లు తాగింది. "కానీ" అంది.

"చిట్టీ, బస్సులో ఉన్నావా?"

"చిట్టీ, బస్సులో ఉన్నావా?" అంది వదినగారు. తెర మీద తన పెదాలు కూడా అదే అన్నాయి.

సీరియల్‌లో ఆవిడకి ఉన్నది కొడుకు. చిట్టి ఆవిడ కన్న కూతురు. ఒక్కగానొక్క బిడ్డ. ఇవాళే మొదటి ఉద్యోగంలో చేరడానికి పొద్దున్న బస్సెక్కింది.

"ఏ ఆస్పత్రి?" అంది బాబాయ్ గొంతు. భావం లేకుండా.

"ఏ ఆస్పత్రి?" ఆవిడ గొంతు మాత్రం పగిలిపోయింది.

"అక్కా, ఆగు ఆగు." అద్దం వెనక ఇంజినీర్ కాగితాలు తిరగేస్తున్నాడు. "ఈ డైలాగు ఇందులో లేదే! అయినా పెదాలు అతికినట్టు కుదిరాయి. నువ్వు సెట్లో మార్చావా ఏంటి?"

ఆవిడ హెడ్‌ఫోన్స్ మెడ మీదికి లాగేసి ఫోన్ అందుకుంది. చిట్టికి కలిపింది. రెండు రింగులు... మూడు...

"చెప్పమ్మా."

"చిట్టీ, బస్సులో ఉన్నావా?"

"లేదు, ఏనుగెక్కాను. ఏంటమ్మా? డబ్బింగ్‌లో లేవా?"

"బాగున్నావా? ఒంట్లో... అంతా బాగానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉన్నా. కిటికీ సీటు దొరికింది. ఇదంతా నీ సీరియల్‌లో పెట్టకు తల్లీ, నా పరువు తీయకు."

ఆ నవ్వు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే భయం రెట్టింపైంది. బస్సు. ఏదో జరగబోయేది ఆ బస్సులోనే. దింపెయ్యాలి.

"దిగిపో చిట్టీ! ఇప్పుడే దిగిపో!"

"ఇక్కడా? స్టాపు కూడా కాదు. సిగ్నల్ దగ్గర ఆగింది."

"అమ్మ మీద ఒట్టు! దిగు!"

"సరే సరే, అరవకు. అందరూ చూస్తున్నారు. దిగుతున్నా."

అప్పుడు వినిపించింది ఆవిడకి. మెడ మీద వేలాడుతున్న హెడ్‌ఫోన్స్‌లోంచి, చీమంత గొంతుతో... "దిగిపో చిట్టీ, ఇప్పుడే దిగిపో... అమ్మ మీద ఒట్టు, దిగు..." అది ముందు. తను వెనక. ఒక్క ఊపిరి వెనక.

"చిట్టీ, వద్దు, దిగ..."

ఫోన్‌లో హారన్. పొడుగ్గా. బ్రేకులు కీచుమన్నాయి. ఎవరో ఒక ఆడమనిషి కెవ్వుమంది. తర్వాత రోడ్డు రొద, మామూలుగా... తర్వాత అదీ లేదు.

వదినగారు నిలబడ్డ చోటే నిలబడిపోయింది.

ఫోన్ మోగింది. కూతురి నంబరే. అవతల ఉన్నది కూతురు కాదని ఆ తల్లి కడుపుకి తెలిసిపోయింది. ఎత్తితే తను అడగాల్సిన మాట ఏమిటో కూడా తెలుసు. అడగను, అనుకుంది. నేను అడగకపోతే ఆస్పత్రి లేదు. ఆ సీను లేదు. రేటింగ్ కోసం పాడె ఎక్కినవాళ్లని కూడా బతికించిన చెయ్యి ఇది, ఒక్క సీను కొట్టెయ్యలేదా? ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆగింది. ఆవిడ పళ్లు బిగించుకుని అలాగే చూస్తూ ఉంది.

హెడ్‌ఫోన్స్‌లో బాబాయ్ ఒకసారి దగ్గాడు. పీట జరిగింది. ఆయన లేచి వెళ్లిపోయినట్టు అడుగుల చప్పుడు... దూరంగా... ఇంకా దూరంగా. దగ్గుబిళ్ల వాసన పోయింది.

ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అయిపోయింది అనుకుంది, పిచ్చి తల్లి.

"అక్కా..." ఇంజినీర్ గొంతు వణికింది. "నేను పాజ్‌లో పెట్టాను. అయినా ట్రాక్ నడుస్తోంది. ఇందాకటి దాకా నాకు కొత్తావిడ గొంతే వచ్చింది. ఇప్పుడు... ఎవరో చిన్నమ్మాయి వచ్చి కూర్చుందక్కా."

వద్దు వద్దు అనుకుంటూనే వదినగారు హెడ్‌ఫోన్స్ చెవులకి పెట్టుకుంది.

అలవాటు లేని పని కాబట్టి ఆ పిల్ల కొంచెం తడబడింది. గొంతు సవరించుకుంది. పొద్దున్న "వెళ్లొస్తానమ్మా" అన్న గొంతే. అందులో నవ్వు లేదు, ఏడుపు లేదు. సరుకుల చీటీ చదివినట్టు చదివింది.

"మా అమ్మాయి ఇక లేదండీ."

వదినగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. పెదాలు కొరుక్కుంది. నెత్తురు వచ్చింది. తెర మీద తన మొహం పెదాలు విప్పి ఎదురుచూస్తోంది. పదకొండేళ్ల నాలుక. ఎవరి మాట వింటుంది?

"మా అమ్మాయి..." వేళ్ల సందుల్లోంచి వచ్చింది మాట. "...ఇక లేదండీ."

చక్కగా కుదిరింది.

చెవిలో, చాలా దగ్గరగా, కాగితం తిప్పిన చప్పుడు. తర్వాతి మాట కోసం ఆ పిల్ల ఊపిరి తీసుకుంది.