తెంపని మొలతాడు

శాంతిరాజ్‌కు మనుషుల మీద గౌరవం పోయి చాలా ఏళ్ళయింది. పోదా మరి? మైకులు పెట్టేవాడి చెవిలో లోకం గుట్టంతా పడుతుంది. మైకు ఇంకా ఆన్‌లో ఉందని మరిచిపోయి నాయకులు గొణిగే బూతులు, ప్రార్థనకు ముందు పాస్టరు విసుగు, సన్మానం అందుకోబోయేవాడి కడుపులో గుడగుడ... అన్నీ హెడ్‌ఫోన్‌లో విన్నవాడు. గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ దాకా ఏ సభ జరిగినా మైకు అతనిదే. ఎదుట నమస్తే, వెనక వెక్కిరింపు. అదీ అతని పద్ధతి.

ఆ సాయంత్రం సెంటినరీ కాలనీ హాల్లో నాటకం. రాసినవాడు రిటైరైన టీచరు సదానందం. నాటకం పేరు 'బాయి'. ఈ వైపు బొగ్గుగనిని బాయి అనే అంటారు. వెనకటి రోజుల్లో పైకప్పు కూలి లోపలే ఉండిపోయిన ఎల్లన్న అనే కార్మికుడి కథ అది. ఆ పాత్ర వేసేది ఎల్లన్న మనవడే, కొమురెల్లి. వేషం అనడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక గోచి, ఒంటినిండా బొగ్గుపొడి.

"లోపలి ఉక్కకు అప్పటోళ్ళు గోచి మీదనే పని చేసిండ్రు. గట్లనే ఉండాలె," అన్నాడు సదానందం. "మైకు మాత్రం కనబడొద్దు శాంతిరాజ్. కనబడ్డదా, నా నాటకం సచ్చినట్టే."

"అంగి ఉంటే అంగి కింద దాస్త సార్. తోలు కింద దాయాల్నా?" అన్నాడు శాంతిరాజ్. నీ నాటకం రాసిన రోజే చచ్చింది సారూ, కొత్తగా నేను చంపేదేముంది అని లోపల అనుకున్నాడు.

కానీ పనిలో మాత్రం అతనికి పంతం. ఎంత బట్టతక్కువ మనిషి మీదైనా మైకు దాచగలనని గొప్ప. కొమురెల్లిని వేదిక వెనక గదిలోకి తీసుకుపోయాడు. విరిగిన కుర్చీలు, చెమట పట్టిన పాత తెరలు, కొబ్బరినూనెలో కలిపిన బొగ్గుపొడి వాసన. గింజంత మైకును నుదుటి దగ్గర జుట్టులో గుచ్చాడు. వైరుకు బొగ్గు పూసి, మెడ వెనక నుంచి వెన్నుపూస వెంట టేపుతో అతికించాడు. అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్‌ను గోచి వెనక మడతలో దోపాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే తనకే కనబడలేదు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని, "ఒక డైలాగ్ చెప్పు," అన్నాడు.

గొంతు బాగానే వచ్చింది. దాని వెనక ఏదో కరకర. కొమురెల్లిని ఇటు తిప్పి చూస్తే నడుముకు ఎర్రటి మొలతాడు, ట్రాన్స్‌మిటర్‌కు రాసుకుంటూ.

"ఇది తియ్యాలె."

కొమురెల్లి నవ్వాడు. "మొలతాడు తియ్యరన్నా. సచ్చినంకనే తెంపుతరు."

"ఎర్రగ లైట్ల కొట్టొచ్చినట్టు కనబడుతది. మైకుల కరకర వస్తుంది."

"మా బాపమ్మ కట్టింది. ఆమెకు చెప్పి..."

మాట పూర్తికాకముందే వైరు కట్టరు టక్కుమంది. తెగిన తాడును శాంతిరాజ్ కుర్చీల సందులోకి విసిరేశాడు. గోచి, ట్రాన్స్‌మిటర్ జారకుండా నల్ల ఎలాస్టిక్ పట్టీ ఒకటి బిగించి, "ఇగో, నీ కొత్త మొలతాడు. దీనికి వారంటీ గూడ ఉంది," అన్నాడు. కొమురెల్లి తన నడుమును చేత్తో తడుముకుంటూ నిలబడ్డాడు. ఆ పిచ్చిచూపు చూసి శాంతిరాజ్‌కు నవ్వొచ్చింది.

మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. కరకర తగ్గలేదు. పైగా ఇప్పుడు మధ్యమధ్య టింగ్ అని సన్నటి ఇత్తడి చప్పుడు. బ్యాటరీని తిట్టుకున్నాడు.

అప్పుడే ఎల్లన్న భార్య, కొమురెల్లి బాపమ్మ పోశవ్వ, మనవడి వేషం చూద్దామని తలుపు దగ్గరికి వచ్చింది. చూపు నేరుగా నడుము మీదికే పోయింది.

"మొలతాడేది బిడ్డా?"

శాంతిరాజ్ చేతిలో కట్టరు చూసి ముసలమ్మకు అర్థమైంది. అరవలేదు. గొంతు ఇంకా తగ్గించింది.

"మా ఇంటాయన పీనుగ పైకి రాలే కొడుకా. ఆ బాయి మూసేసిండ్రు. నీళ్ళు పొయ్యలే, మొలతాడు తెంపలే. బాయిల దిగేముందు చూపించి దీపం తీసుకునే ఇత్తడి బిళ్ళ గూడ ఆ తాడుకే కట్టుకునేటోడు, గోచికి జేబెక్కడిది... సచ్చినోనికి తెంపకపోతిమి. బతికినోనికి తెంపితివి గద."

"ఫికర్ చెయ్యకవ్వా, బజార్ల మస్తు దొరుకుతయి."

ఆమె చీర అంచు పర్రున చింపి, ఆ పేలికను మనవడి నడుముకు కట్టబోయింది. శాంతిరాజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "కరకర ఇంకా ఎక్కువైతది. ఆట అయినంక కట్టుకో." బయట గంట కొట్టారు. జల్ది రమ్మని సదానందం కేక. కొమురెల్లి మొలతాడు లేకుండానే వేదిక ఎక్కాడు.

హాలు నిండింది. షిఫ్టు దిగి తలకు నూనె రాసుకుని వచ్చినవాళ్ళు, పిల్లలు, మిర్చిబజ్జీల పొట్లాలు. శాంతిరాజ్ అందరికీ వెనక, తన బల్ల దగ్గర కూర్చున్నాడు. సదానందం డైలాగులు ఒక్కొక్కటి మోయడానికి ఇద్దరు కూలీలు కావాలి. అయినా జనం కళ్ళు తుడుచుకుంటుంటే, వీళ్ళను ఏడిపించడానికి ఉల్లిగడ్డ చాలు, నాటకం దేనికి అనుకున్నాడు.

పైకప్పు కూలే ఘట్టం వచ్చింది. డప్పు దడదడలాడింది. లైట్లు ఆరిపోయాయి. ఇక్కడ చీకట్లో కాసేపు కొమురెల్లి ఊపిరి మాత్రమే వినబడాలి. తర్వాత లేచి పాట పాడాలి.

ఊపిరి వినబడింది. పడుచువాడిది, గబగబా.

దాని వెనక ఇంకొకటి.

నెమ్మదిగా... బరువుగా... ఛాతీలో పిల్లికూతలతో. ఒక్కో ఊపిరీ ఎంతో లోతు నుంచి తోడినట్టు వస్తోంది. శాంతిరాజ్ బల్ల చుట్టూ తడిబొగ్గు వాసన కమ్ముకుంది. కరకర... కరకర... టింగ్.

మైకు శబ్దం తగ్గించాడు. పూర్తిగా తగ్గించాడు. పెట్టె మీది చిన్న లైట్లన్నీ ఆరిపోయాయి.

ఊపిరి మాత్రం ఆగలేదు.

వేదిక మీద నీలం లైటు వెలిగింది. కొమురెల్లి బోర్లా పడి ఉన్నాడు. పాటకు లేవాలి. లేవలేదు. అబ్బ, ఏం చేస్తున్నడు పోరడు అని జనం చప్పట్లు కొట్టారు. శాంతిరాజ్ శబ్దాన్ని మళ్ళీ పెంచి, చెవుల మీద హెడ్‌ఫోన్ అదిమిపెట్టి విన్నాడు. గబగబా కొట్టుకునే ఊపిరి లేదు. ఆ నెమ్మది ఊపిరి ఒక్కటే ఉంది.

అది చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడింది.

"నాది... తెంపలే..."

ముందు వరుసలో పోశవ్వ లేచి నిలబడింది. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మగనికి ఎదురు లేచినట్టు కొంగు సర్దుకుంది. వేదిక మీద కొమురెల్లి వేలు కూడా కదలడం లేదు. వాడు చచ్చిపోతున్నాడు. ఇంతమంది చూస్తూ చప్పట్లు కొడుతుండగా చచ్చిపోతున్నాడు. హాలు మొత్తంలో ఆ సంగతి తెలిసినవి రెండే ప్రాణాలు, ఒకటి ఆ ముసలమ్మ, రెండోది తను. శాంతిరాజ్‌కు వెక్కిరించడానికి నోట్లో ఒక్క మాట కూడా మిగల్లేదు.

"వాన్ని ఇడిసిపెట్టు," అన్నాడు బల్ల మీదికి వంగి, పెదాలు కదిలీ కదలకుండా. "నీది... నీది నేను తెంపుత."

ఎవరికి వినబడుతుందని అన్నాడో అతనికే తెలియదు. ఊపిరి ఆగింది. ఎవరో తల తిప్పి వింటున్నట్టు... టింగ్.

నీళ్ళలోంచి తేలినవాడిలా కొమురెల్లి పెద్దగా గాలి పీల్చాడు. మోకాళ్ళ మీద లేచాడు. పాడాడు. హాలు దద్దరిల్లింది. సదానందానికి శాలువా కూడా కప్పారు.

శాంతిరాజ్ వెనక గదిలోకి వచ్చేసరికి పోశవ్వ ఆ చీర పేలికను మనవడి నడుముకు ముడేస్తోంది.

"ఏమైందిరా నీకు?" అన్నాడు శాంతిరాజ్.

"ఏమో అన్నా. చీకట్ల ఎవరో నా నడుము తడిమిండ్రు. దేనికోసమో ఎతికి ఎతికి... తర్వాత ఇడిసిపెట్టి పోయిండ్రు."

"ఎటు?"

కొమురెల్లి హాలు వెనకకు, మైకుల బల్ల వైపు చెయ్యి చూపించాడు.

సామాను సర్దుకుని ఇల్లు చేరేలోపు శాంతిరాజ్‌కు పాత బుద్ధి తిరిగొచ్చింది. కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? పోరడు ఊపిరి బిగబట్టి యాక్టింగ్ చేశాడు, నేను బెదిరిపోయాను, అంతే అనుకుని అన్నం తిని పడుకున్నాడు.

పొద్దున స్నానానికి చొక్కా విప్పుతుంటే, భార్య శాలిని తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఇదేంది? నువ్వెప్పుడు కట్టుకున్నవ్ మొలతాడు? చర్చిల ఎవలన్న చూస్తే ఏమంటరు?"

వంగి చూసుకున్నాడు. ఒకప్పుడు ఎర్రగా ఉండి ఉండాలి. బొగ్గు పట్టి నల్లబడింది. తడిగా ఉంది. పక్కన వేలాడుతూ చిన్న ఇత్తడి బిళ్ళ, మీది అంకెలు అరిగిపోయి. ఎంత తిప్పినా ముడి దొరకలేదు.

శాలిని కత్తెర తెచ్చింది. "కదలకు, తెంపుత."

అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు."

"ఎందుకు?"

"ఇది ఎవనిదో..." బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పాడు. "ఇది ఇప్పుడు ఎవనిదో నాకు తెల్వది శాలినీ."

తెంపుతానని మాటిచ్చాడు. తెంపేది చచ్చినవాడికే. ఉన్నది తన నడుముకు. శాలిని కత్తెర పట్టుకుని, మొగుడికి పిచ్చిపట్టిందా అన్నట్టు చూస్తోంది. అతను తాడుకూ ఒంటికీ మధ్య వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. మొదట తడిమినప్పుడు రెండు వేళ్ళు దూరాయి. ఇప్పుడు ఒక్కటే దూరుతోంది.